కీళ్లవాతపు మందు, కణము లోపలి లెక్క

ఐరోపాఖండమున వేసవి ముగిసి, పచ్చికబయళ్ల గడ్డికోతలు పూర్తియైన పిమ్మట, సెప్టెంబరు అక్టోబరు మాసములలో, ఆకొక్కటియు లేకుండ, తడినేలను చీల్చుకొని లేత ఊదారంగు పూవులు పైకి వచ్చును. వీనికి ఆకులు మరుసటి వసంతమున గాని రావు. కాయయు అప్పుడే ఆ ఆకుల నడుమ పక్వమగును. పూచినప్పుడు ఆకు చూడని బాటసారి, ఆకు మొలచినప్పుడు పూవు కానక, దానిని అడవివెల్లుల్లి యని భ్రమించి కోసికొనిపోయి వండుకొని ప్రాణము మీదికి తెచ్చుకొనుట ఆ దేశములలో నేటికిని అప్పుడప్పుడు జరుగుచునే యున్నది. ఈ మొక్కను శాస్త్రజ్ఞులు కోల్చికమ్ ఆటమ్నేల్ అందురు. దాని గడ్డయందును గింజయందును ఉన్న విషమునకు కోల్చిసిన్ అని పేరు. శతాబ్దముల తరబడి రాజులును పండితులును కీళ్లవాతపు బాధకు తాళలేక ఆశ్రయించిన మందు అదియే. మందుగా దాని చరిత్ర వైద్యగ్రంథములలో విస్తరించియే యున్నది గాని, అదే పదార్థము కణవిభజనను ఆపు సాధనమై ప్రయోగశాలకు చేరి, కణము తన మాంసకృత్తులను తాను ఎట్లు లెక్కపెట్టుకొని తయారు చేసికొనునో బయటపెట్టిన చరిత్ర తెలుగున అంతగా చెప్పబడలేదు. ఈ రెండవ చరిత్ర మొదటిదాని కడుపున పుట్టినదే యైనను, మొదటిదానిని నడిపిన వైద్యులలో ఒక్కరికిని దాని జాడ తెలియదు.

క్రీస్తుశకము మొదటి శతాబ్దిలో ఓషధులను గూర్చి గ్రీకుభాషలో బృహద్గ్రంథము రచించిన డయొస్కొరిడీస్ ఈ మొక్కను వర్ణించినది దానిని వాడుడని చెప్పుటకు గాక, తినవలదని హెచ్చరించుటకు. గడ్డ రుచిగా నుండుటచే ఎరుగనివారికి ఆశ పుట్టించుననియు, తినదగు గడ్డలలో చేర్చి తిందురేమో యను భయముననే తాను దీనిని వ్రాయుచున్నాననియు, తిన్నవానికి ఆవుపాలు పట్టవలెననియు ఆయన చెప్పెను. నల్లసముద్రపు తూర్పుతీరమున, నేటి జార్జియాదేశమున, ఈ మొక్కకు పేరు నిచ్చిన కోల్కిస్ అను సీమ ఆనాటి గ్రీకుల పురాణములలో విషవిద్యలకు పుట్టినిల్లు. మెడియా యను మంత్రగత్తె ఆ సీమ రాజపుత్రి. ఇట్లు విషముగానే పేరుపడిన జాతి గడ్డను ఆరవ శతాబ్దిలో బైజాంటియమ్ వైద్యుడగు ట్రాలెస్ అలెగ్జాండరు, హెర్మోడాక్టిల్ అను నామాంతరముతో, పాదముల కీళ్లవాతమునకు ప్రయోగించుమని వ్రాసెను. అరబ్బు వైద్యులు దానిని సూరంజాన్ అనిరి. ఇబ్న్ సీనా గ్రంథమున దానికి స్థానము కలదు. వారి వైద్యము పారసీకము మీదుగా మన దేశమునకు వచ్చినప్పుడు ఆ గడ్డయు వెంట వచ్చెను. పడమటి హిమాలయములలో పసుపుపచ్చని పూల కోల్చికమ్ జాతి యొకటి సహజముగా పెరుగుచుండుటచే సరకునకు కొరత లేకపోయెను. హైదరాబాదు పాతబస్తీ యునానీ దుకాణములలో మాజూన్ సూరంజాన్, హబ్బె సూరంజాన్ అను పేర్లు వినని హకీము లేడు. బైజాంటియమ్‌లో మొదలైన ఆచారము చార్మినారు నీడను చేరుటకు వేయేండ్లు పట్టినను, రోగము మాత్రము మారలేదు.

గౌటు అనబడు ఈ వ్యాధిని మన ఆయుర్వేదులు వాతరక్తమనిరి. నడిరేయి నిద్రలో కాలి బొటనవ్రేలి మొదట నిప్పు పెట్టినట్లు నొప్పి పుట్టి, కప్పుకొన్న దుప్పటి బరువైనను ఓర్వరానంతగా కీలు ఎర్రబారి ఉబ్బును. పదునేడవ శతాబ్దిలో ఇంగ్లండున థామస్ సిడెన్‌హామ్, తానే ఈ వ్యాధిపీడితుడై, దానిని గూర్చి 1683లో అద్భుతమైన వర్ణన వ్రాసెను. కాని విరేచనకారులగు మందులన్నిటిని ఆయన నిరసించుటచే, వానితోపాటు కోల్చికమ్ కూడ ఆ దేశపు వైద్యులలో మూలబడెను. మహావైద్యుని మాట ఎంతటి మేలు చేయగలదో అంతటి కీడును చేయగలదు. దానిని మరల వెలికి దీసినవాడు వియన్నా రాజవైద్యుడగు ఆంటన్ ఫాన్ ష్టోర్క్. ఉమ్మెత్త మొదలగు విషమొక్కలను తన దేహముపైననే పరీక్షించి చూచు అలవాటు గల ఈయన 1763లో కోల్చికమ్‌ను గూర్చి పుస్తకము ప్రకటించెను. ఆయన దానిని వాడినది జలోదరమునకు. కీళ్లవాతపు ఖ్యాతిని దానికి తిరిగి తెచ్చినవాడు వైద్యుడు కాడు, నికొలా హుస్సాన్ అను ఫ్రెంచి సైన్యోద్యోగి.

హుస్సాన్ అమ్మిన ‘ఓషధీజలము’ రహస్యపు మందు. సీసాలో ఏమున్నదో ఆయన చెప్పలేదు. చెప్పకపోవుటయే వ్యాపారమునకు ప్రాణము. సకలరోగనివారిణి యని మొదలైన ఆ జలము క్రమముగా కీళ్లవాతమునకే నిలిచి, సముద్రము దాటి లండను చేరెను. రాయల్ సొసైటీ అధ్యక్షుడును, కుర్చీ వదలలేని కీళ్లవాతరోగియు నగు సర్ జోసెఫ్ బ్యాంక్స్ దానిని సేవించి ఉపశమనము పొందుటచే దాని పేరు ప్రతిష్ఠలు మిన్నంటెను. పెద్ద మనుష్యులు వాడు మందులో ఏమున్నదని అడుగుటకు వైద్యులు మొగమాటపడిరి గాని ఆగలేదు. 1814లో జాన్ వాంట్ అను వైద్యుడు, ట్రాలెస్ అలెగ్జాండరు ప్రాచీనవాక్యమును పట్టుకొని వెదకి, ఆ సీసాలోనిది కోల్చికమ్ తప్ప మరేదియు కాదని తేల్చెను. పదమూడు వందల యేండ్ల క్రిందటి గ్రంథమును చదివినవానికి మాత్రమే ఆ గుట్టు రట్టు చేయుట సాధ్యమైనదను సంగతి, పాతపుస్తకములు వృథాయనువారు వినదగినది.

తరువాతి పని రసాయనజ్ఞులది. 1820లో పారిస్ నగరమున పెల్తియే, కావెంటూ అను జంట, క్వినైనును వేరుచేసిన యేడే, ఈ గడ్డనుండియు ఒక క్షారాభమును వేరుచేసిరి. అయితే అది మరియొక మొక్కనుండి తాము ముందే తీసిన వెరాట్రిన్ అని వారు తలచిరి. అది కొత్తదని గుర్తించి 1833లో కోల్చిసిన్ అని పేరు పెట్టినవాడు జర్మనీ రసాయనవేత్త గైగర్. శుద్ధమైన స్ఫటికములు లభించుటకు 1884 వరకు, ఊడే అను ఫ్రెంచి ఔషధకర్త చేతిపని వరకు, వేచియుండవలసి వచ్చెను. ఈ లోపల లండను వైద్యుడు ఆల్‌ఫ్రెడ్ గ్యారడ్ 1848లో రోగుల రక్తమున యూరిక్ ఆమ్లము హెచ్చుగా నున్నదని చూపెను. ఆయన పద్ధతి ముచ్చటైనది: రక్తపు తేటనీటిలో కొంచెము ఆమ్లము కలిపి, అందొక నారపోగు వేసి, నిశ్చలముగా ఉంచినచో, రోగి రక్తమైనప్పుడు ఆ పోగు పొడవునను సన్నని స్ఫటికములు అంటుకొనును. రోగమునకు హేతువు ఈ విధముగా దొరికినది. కాని కోల్చిసిన్ ఆ ఆమ్లమును తగ్గింపదు. ఆమ్లపు రవ్వలపై విరుచుకుపడు తెల్లకణముల కదలికను అది అణచుననునది తెలియుటకు ఇరువదవ శతాబ్ది ఉత్తరార్ధము రావలసి వచ్చెను.

ఇక్కడ మన మొక్క ఒకదాని ప్రస్తావన తప్పదు. తొలకరి పడినంతనే మన చేలగట్ల కంపలపై ప్రాకి, ఆకుకొననే తీగమీసముగా చుట్టి కొమ్మను పట్టుకొని, పూరేకులు మొదట ఆకుపచ్చగాను తరువాత పసుపుగాను తుదకు మంటవలె ఎర్రగాను మారు అడవినాభి మొక్కను తెలుగువారెల్లరు చూచియే యుందురు. అగ్నిశిఖ యనియు లాంగలి యనియు దానికి పేర్లు. ఆయుర్వేదము దానిని ఉపవిషములలో చేర్చి, గోమూత్రమున నానబెట్టి శుద్ధి చేసినగాని వాడరాదని విధించెను. 1915లో దాని దుంపను పరీక్షించిన ఆంగ్ల రసాయనజ్ఞులు అందును కోల్చిసినే యున్నదని తేల్చిరి. ఐరోపా పచ్చికలోని పూవునకును మన కంపమీది తీగకును రూపమున పోలిక లేదు గాని, వృక్షశాస్త్రరీత్యా అవి ఒకే కుటుంబము. నేడు తమిళనాడులో కరూరు, దిండుగల్లు, తిరుప్పూరు ప్రాంతముల రైతులు పందిళ్లు వేసి దీనిని పైరుగా పెంచి, గింజలను విదేశపు మందుల కంపెనీలకు పంపుచున్నారు. ఆ రాష్ట్రపుష్పమును ఇదియే. కందగడ్డ యని పొరబడి దీని దుంప తిన్నవారికి మొదట వాంతులు, విరేచనములు; బ్రతికి బట్టకట్టినచో రెండు వారములకు తల వెండ్రుకలన్నియు రాలిపోవును. సింహళదేశమున ఇట్టి కేసును 1966లో ఒక వైద్యపత్రిక ప్రకటించెను. పేగు లోపొర, ఎముకల మజ్జ, వెండ్రుక మూలము — శరీరమున ఎడతెగక కణములు విభజన పొందు తావులు ఇవియే. విషము మొదట తట్టినదియు వీనినే.

ఈ సూచనను చదివినవాడు బహుకాలము ముందే ఒకడుండెను. 1889లో సిసిలీ ద్వీపమున పలెర్మో నగరపు పెర్నీచే అను వైద్యుడు, కోల్చిసిన్ ఇచ్చిన కుక్కల పేగులో విభజనస్థితిలో నున్న కణములు మిక్కుటముగా కనబడుటను వ్రాసి ప్రకటించెను. ఆ పత్రిక ప్రాంతీయమైనది, చదివినవారు లేరు. నలువదియైదేండ్లు గడచిన పిమ్మట, 1934లో, బ్రస్సెల్సున ఆల్బర్ట్ ప్యేర్ డస్టిన్, ఆయన శిష్యుడగు లిట్స్ ఎలుకలపై అదే చూచిరి. ఆర్సెనిక్ లవణములవంటి విషములు కణవిభజనను ఎట్లు కలచునో డస్టిన్ చాలకాలముగా పరిశీలించుచుండెను గనుక, ఈసారి కంటబడినది వృథా కాలేదు. అయితే తొలుత ఒక పొరపాటు జరిగెను: విభజించుచున్న కణములు అంత విరివిగా కనబడుటచే ఈ విషము విభజనను ప్రేరేపించునని కొందరు తలచిరి. సత్యము తలక్రిందులు. కణములు ఎప్పటివలెనే విభజనకు పూనుకొని, నడుమ అడ్డుపడి, ముందుకు పోలేక అక్కడనే గుమిగూడుచున్నవి.

అడ్డుపడిన కణముల పరిస్థితి మొక్కల ప్రజననజ్ఞుల చేతిలో బంగారమాయెను. విభజనకు ముందే క్రోమోజోములు జంటలగును. వానిని రెండు వైపులకు లాగు కండె కోల్చిసిన్ వలన ఏర్పడనందున అవి విడిపోలేక ఒకే కణమున మిగిలిపోవును. ఆ కణమునకు క్రోమోజోములు రెట్టింపగును. 1937లో అమెరికాలో ఆల్బర్ట్ బ్లేక్స్‌లీ, ఏమోస్ ఎవరీ ఉమ్మెత్త గింజలను కోల్చిసిన్ ద్రవమున నానబెట్టి ఇట్లు క్రోమోజోములు రెట్టించిన బహుస్థితిక మొక్కలను పుట్టించిరి. కావలసిన మొక్క ప్రకృతిలో ఎన్నడో దొరకునని ఎదురుచూచుటకు మారుగా, కావలసినప్పుడు చేసికొనవచ్చునను ఆశ దేశదేశముల తోటలకు ప్రాకెను. ఒక్క దశాబ్దిలో కోల్చిసిన్ వ్యామోహమనదగినంతగా వ్యాసములు వెల్లువెత్తెను. అందులో చాలవరకు నిష్ఫలము. నిలిచిన ఫలములలో మన నాలుకకు తెలిసినది గింజలేని పుచ్చకాయ: జపానుదేశమున కిహారా, ద్విస్థితిక పుచ్చను కోల్చిసినుతో చతుస్థితికముగా మార్చి, దానిని తిరిగి మామూలు పుచ్చతో సంకరము చేసి, గింజ కట్టలేని త్రిస్థితికమును సాధించెను.

స్వీడనున ఆల్బర్ట్ లెవాన్ ఉల్లిగడ్డల వేరుకొనలపై 1938లో చేసిన పరిశీలన ఇంతకంటె నిశితమైనది. కోల్చిసిన్ ద్రవమున ఉంచిన ఉల్లివేరు కొన గంటలలో గదవలె ఉబ్బును. దానిని తీసి, రంగు వేసి, గాజుపలకపై నలిపి చూచినచో, క్రోమోజోములు కండెపై వరుసదీరుటకు మారుగా కణమంతట చెల్లాచెదరై, ఒక్కొక్కటి రెండు పోగులుగా చీలి, నడుమ మాత్రము అంటుకొని, చక్కగా లెక్కకు దొరకును. ఈ లెక్కింపు సౌకర్యమే పదునేడేండ్ల తరువాత మానవజాతికి పనికివచ్చెను. మనిషి కణమున క్రోమోజోములు 48 అని 1923 మొదలు అందరు నమ్మియుండగా, 1955 డిసెంబరున లుండ్ నగరమున లెవాన్ ప్రయోగశాలలో జావాద్వీపమున పుట్టిన జో హిన్ త్జియో కోల్చిసిన్ ఇచ్చిన శ్వాసకోశకణముల పలకలను చూచి, ఎన్నిమారులు లెక్కించినను 46 మాత్రమే యని కనుగొనెను. మరుసటి యేడు అది అచ్చయినది. మూడు దశాబ్దములు పాఠ్యపుస్తకములు చెప్పిన సంఖ్యను ఈ గడ్డవిషము కొట్టివేసినది.

కండె ఏ పదార్థముతో చేయబడినది, కోల్చిసిన్ దానిని ఎట్లు కరగించుచున్నది అను ప్రశ్న ఇంక మిగిలెను. 1952లో షిన్యా ఇనోఉయే ధ్రువితకాంతి సూక్ష్మదర్శినితో ఒక సముద్రపు పురుగు అండకణమును బ్రతికియుండగనే చూచుచు, కోల్చిసిన్ చేరినకొలది కండె కాంతి మసకబారి మాయమగుటయు, విషమును కడిగివేసినచో అది మరల వెలయుటయు గమనించెను. చికాగో విశ్వవిద్యాలయమున ఎడ్విన్ టేలర్, ఆయన విద్యార్థి గ్యారీ బోరిసీ, రేడియోధార్మిక ట్రీషియముతో గుర్తుపెట్టిన కోల్చిసినును కణములకిచ్చి, అది ఏ ప్రొటీనును పట్టుకొనుచున్నదో వెదకిరి. విభజనను ఆపు విషము గనుక విభజనము హెచ్చుగా నున్న కణములలో ఆ ప్రొటీను హెచ్చుగా నుండవలెనని ఎవరైనను తలంతురు; అయితే 1967లో వారికి అది అన్నిటికంటె విరివిగా దొరికినది, విభజన దాదాపుగా లేని మెదడులో. ఇదే ఆ ప్రొటీను పని కండెతోనే ముగియదనుటకు సాక్ష్యము. అది కణములోని సూక్ష్మనాళికలకు ఇటుక. కండెలోను, శుక్రకణపు తోకలోను, నాడీకణపు పొడుగాటి తీగలోను ఉన్నది ఒకే నాళిక. 1968లో జపానుకు చెందిన మోహ్రి దానికి ట్యూబులిన్ అని పేరు పెట్టెను. ఆల్ఫా, బీటా యను రెండు గొలుసుల జంట అది. జంటలు వరుసకట్టి నాళికలగును, వాని కొనలయందు ఎడతెగక చేరుచు ఊడుచు నుండును. కోల్చిసిన్ ఆ రెండు గొలుసుల సందున దూరి, జంటను కొంచెము వంగియుండునట్లు బిగించుననియు, వంగిన జంట నిటారైన నాళికలో ఇముడదనియు 2004లో స్ఫటికచిత్రములు చూపెను.

కణము విభజన ఆగిన వెనుక దాని ప్రొటీన్ల తయారీ ఏమగును? ఈ ప్రశ్నకు పలువురు పలురకములుగా సమాధానమిచ్చుటకు కారణము, మూడు వేర్వేరు సంగతులను ఒకటిగా కలుపుట. మొదటిది ఎగుమతి: 1968లో సెయింట్ లూయిస్ నగరమున పాల్ లేసీ బృందము, కోల్చిసిన్ ఇచ్చినచో క్లోమకణములనుండి ఇన్సులిన్ విడుదల తగ్గుననియు, 1972లో ఎర్లిక్, బోర్న్‌స్టీన్ అనువారు, కణములనుండి కొల్లాజెన్ వెలువడుట మందగించుననియు చూపిరి. అక్కడ తగ్గినది తయారీ కాదు. తయారైన సరకును కణపు అంచునకు చేర్చు దారి తెగినది. రెండవది విభజనదశ ప్రభావము: విభజన మధ్యమున కట్టుబడియున్న కణమున ప్రొటీన్ల కూర్పు మొత్తముమీద తగ్గుననియు, కొత్త గొలుసులను మొదలిడు మెట్టునందే ఆ తగ్గుదల యనియు ఫ్యాన్, పెన్‌మన్ 1970లో వ్రాసిరి, విషమునకును దశకును గల పాళ్లెంతయో విడదీయుట అప్పుడును ఇప్పుడును సులభము కాదు. మూడవది వేరు, నా దృష్టిలో ఈ కథకంతటికి గుండెకాయ అది.

1979లో మసాచుసెట్స్ సాంకేతికవిద్యాలయమున బెన్‌జేవ్, ఫార్మర్, పెన్‌మన్ అనువారు చిట్టెలుక సంధానకణములకు కోల్చిసిన్ ఇచ్చి, గుర్తుపెట్టిన అమైనో ఆమ్లములతో ఏయే ప్రొటీన్లు కొత్తగా తయారగుచున్నవో చూచిరి. తక్కిన ప్రొటీన్లు ఎప్పటివలెనే తయారగుచుండగా, ట్యూబులిన్ తయారీ మాత్రము కొన్ని గంటలలోనే పడిపోయినది. కణమంతయు జబ్బుపడినచో అన్నియు తగ్గవలెను గదా. ఒక్కటే తగ్గినదన్నచో అది జబ్బు కాదు, నిర్ణయము. నాళికలు కరగుటచే విడి ట్యూబులిన్ కణద్రవమున నిండిపోయినందున కణము దానిని ఇంక చేయవలదని ఆపినదని వారు ఊహించిరి. గాదెలో వడ్లు నిండియుండగా, చేనిలో పంట నిలువెత్తున ఉన్నను కుప్ప నూర్చుట ఆపు కాపు నేర్పువంటిది ఇది.

ఆ ఊహను పరీక్షించుటకు మన ముంగిళ్లలోని మొక్కయే పనికివచ్చెను. బిళ్ళగన్నేరు మడగాస్కరు ద్వీపమునుండి లోకమంతట వ్యాపించిన పూమొక్క. దాని ఆకుకషాయము చక్కెరవ్యాధికి మంచిదన్న జమైకావాసుల నమ్మకమును పరీక్షింపబోయి, కెనడాలో రాబర్ట్ నోబుల్, చార్లెస్ బీర్, చక్కెర తగ్గకపోయినను ఎలుకల తెల్లకణములు తగ్గుట గమనించి, 1958లో విన్‌బ్లాస్టిన్ అను క్షారాభమును లోకమునకు తెలిపిరి. అదియు, దాని సోదరమగు విన్‌క్రిస్టినును రక్తకాన్సరు మొదలగు వ్యాధులకు నేటికిని మందులు. విన్‌బ్లాస్టిన్ కూడ కండెను చెరచి విభజనను ఆపునదే. భేదమొక్కటి: తగినంత మోతాదున అది ట్యూబులినును స్ఫటికములవంటి ముద్దలుగా కట్టివేయును, కణద్రవమున విడి జంటలు మిగులవు. కోల్చిసిన్ విషగుణముచేతనే ట్యూబులిన్ తయారీ తగ్గుచున్నచో, విన్‌బ్లాస్టిన్ కూడ తగ్గింపవలెను. అది తగ్గింపలేదు, సరిగదా, కొంత హెచ్చించినది. నాళికలను గట్టిపరచు టాక్సాల్ అను మరియొక వృక్షజన్యపదార్థముతోను ఇదే తీరు. కోల్చిసిన్, విన్‌బ్లాస్టిన్ రెండును విభజనను ఆపినను, విడి ట్యూబులినును పెంచినది తయారీని తగ్గించెను, తరుగజేసినది హెచ్చించెను. ఇంతకంటె శుభ్రమైన ప్రయోగతర్కము జీవశాస్త్రమున అరుదు. ఏ వ్యాపారి ఏ రాజునకు మందమ్మినను ఈ రెండు మొక్కలను ఒకే గిన్నెలో చూచు అవసరము కలుగలేదు. ఆ గిన్నెలోనే కణపు లెక్క బయటపడినది.

డాన్ క్లీవ్‌లండ్, మార్క్ కిర్ష్నర్ మొదలగువారు 1981లో ఈ సంగతిని సందేశవాహక ఆర్‌ఎన్‌ఏ మెట్టువరకు తీసికొనిపోయిరి: విడి ట్యూబులిన్ హెచ్చినప్పుడు, ట్యూబులిన్ చేయుమని చెప్పు ఆర్‌ఎన్‌ఏలే కణమునుండి తొలగిపోవుచున్నవి. విషమేమియు లేకుండ, సన్నని గాజుసూదితో శుద్ధట్యూబులినును కణములోనికి ఎక్కించినను తయారీ తగ్గుననుటను క్లీవ్‌లండ్, ఫెరామిస్కో 1983లో చూపిరి. కోల్చిసిన్ చేసినది ఆ పరిస్థితిని కల్పించుట మాత్రమే యని ఇట్లు రుజువైనది. ఆజ్ఞ కేంద్రకమునుండి వచ్చుచున్నదేమో యని, కేంద్రకమును తీసివేసిన కణములకు కోల్చిసిన్ ఇచ్చి 1985లో చూడగా, కేంద్రకము లేని ఆ కణశేషములును యథావిధిగా ట్యూబులిన్ తయారీని తగ్గించెను. కనుక కణము జన్యువులను మూయుట లేదు; వ్రాసి పంపిన సందేశమును కణద్రవముననే చించివేయుచున్నది. ఆ చించివేతకు గుర్తేమి? 1988లో దొరికిన జవాబు ఆశ్చర్యకరము: గుర్తు ఆర్‌ఎన్‌ఏలో లేదు, దాని ననుసరించి రైబోజోమునుండి అప్పుడప్పుడే వెలికివచ్చుచున్న బీటా గొలుసు మొదటి నాలుగు అమైనో ఆమ్లములయందున్నది — మెథియొనీన్, ఆర్జినీన్, గ్లుటామిక్ ఆమ్లము, ఐసోల్యూసీన్. ఆ వరుసను చెరచినచో కణమునకు ఆ సందేశము ట్యూబులినుదని తెలియదు.

అటుపిమ్మట ముప్పది రెండేండ్లు ఆ నాలుగక్షరములను చదువువాడెవరో తెలియక ప్రశ్న నిలిచిపోయెను. 2020లో కేంబ్రిడ్జి నగరపు అణుజీవశాస్త్ర ప్రయోగశాలలో హెగ్డే బృందము, హార్వర్డులోని మిచిసన్ మొదలగువారితో కలసి, ఆ చదువరి టి.టి.సి.-5 అను ప్రొటీను అని తేల్చిరి. అది రైబోజోముపై, ప్రొటీను వెలుపలికి వచ్చు ద్వారము నొద్ద కూర్చుండి, తొంగిచూచు నాలుగు అమైనో ఆమ్లములను తన గాడిలో పట్టుకొనును. పట్టుకొన్న వెనుక స్కేపర్ అను మరియొక ప్రొటీను వచ్చి చేరుననియు, అది ఆర్‌ఎన్‌ఏ తోకను కత్తిరించు యంత్రమును వెంట తెచ్చుననియు 2023లో ప్రకటించిరి. విడి ట్యూబులిన్ హెచ్చినంత మాత్రమున ఈ వరుస ఎందుకు కదలునో, తగ్గినప్పుడు దానిని ఎవరు పట్టి ఉంచుదురో, ఇప్పుడు పరిశీలింపబడుచున్న విషయములు.

వారి ప్రయోగములలో మరియొకటి. టి.టి.సి.-5ను చెరచినచో, కణమునకు విడి ట్యూబులిన్ లెక్క తప్పును; కోల్చిసిన్ ఇచ్చినను ఆర్‌ఎన్‌ఏలు తొలగవు, తయారీ ఆగదు. అట్టి కణములను ఏ విషమునకును గురిచేయక ఊరకనే పెరుగనిచ్చి, విభజన పొందునప్పుడు సూక్ష్మదర్శినితో పరికింపగా, కండె కట్టుకొనినను క్రోమోజోములు సరిగా వరుసదీరక, కొన్ని వెనుకబడి, రెండు వైపులకు పంపకమున తప్పులు హెచ్చుగా జరుగుచుండెను.